రచ్చబండ రాయి నుంచి అద్దాల బీరువా దాకా



ఇవాళ మన ముందుగది గురించి రెండు మాటలు చెప్పుకుందాం. చుట్టం రాగానే కుర్చీ వేసేది అక్కడే. సాయంత్రం అందరం చేరి కబుర్లు చెప్పుకునేదీ, పిల్లలు పుస్తకాలు చిందరవందరగా పరిచేసేదీ అక్కడే. కొందరు హాలంటారు, పాతవాళ్లు సావిడి అంటారు. పేరేదైనా, ఆ గదిలో ఒక మూల అద్దాల బీరువా ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, పూరీ వెళ్లినప్పుడు కొన్న శంఖం, పెళ్లిలో ఎవరో చదివించిన గడియారం వరసగా కూర్చుని ఉంటాయి. వాటన్నిటికంటే పై అరలో, రెండు చెవులున్న కప్పు ఒకటి మెరుస్తూ ఉంటుంది.

ఆ కప్పు ఎవరిదండీ అని అడిగి చూడండి. ఇంటాయన కాలేజీలో వాలీబాల్ ఆడినప్పుడు వచ్చిందంటారు, లేకపోతే అబ్బాయికి జిల్లా పోటీల్లో ఇచ్చారంటారు. మంచిదే. దాని పక్కన జట్టు ఫోటో, కింద ఒక పతకం, గోడ మీద ఇష్టమైన ఆటగాడి బొమ్మ. ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఇలా ఆటల జ్ఞాపకాలతో ఒక గోడో, ఒక మూలో అలంకరించుకోవడం ముచ్చటగా తయారైంది. పలాసలో, కాశీబుగ్గలో, టెక్కలిలో కొత్తగా కట్టుకుంటున్న ఇళ్లల్లో ఇందుకోసం గోడలోనే అరలు కట్టించుకుంటున్నారు.

అయితే ఈ గెలుపు గుర్తులు మన ఇళ్లల్లోకి ఎప్పుడొచ్చాయి? ఎవరివి వచ్చాయి, ఎవరివి గుమ్మం బయటే ఆగిపోయాయి? దానికో చరిత్ర ఉంది. అది తెలిస్తే రేపు మీరు బీరువా తుడుస్తున్నప్పుడు ఆ కప్పును మరో కంటితో చూస్తారు.

పూర్వం మన ప్రాంతంలో గెలుపు ఇంట్లో ఉండేది కాదు, ఊరి మధ్యన ఉండేది. శ్రీకాకుళం పల్లెల్లో పండగపూట సంగిడి రాళ్లెత్తే పోటీలు మీలో చాలామంది చూసే ఉంటారు. బరువైన రాయిని నేల మీంచి లేపి, గుండెల దాకా తెచ్చి, భుజం మీదికి ఎత్తాలి. ఎత్తినవాడికి ఊరంతా ఈలలు వేస్తుంది. ఆ పూటకి బహుమతి అంటే ఒక పంచె, ఒక ఇత్తడి బిందె, నలుగురిలో ఒక దండ. దండ వాడిపోయేది, పంచె చిరిగిపోయేది, బిందె వంటింట్లో నీళ్లకు వాడుకలో పడిపోయేది. మిగిలేది రచ్చబండ దగ్గర ఆ రాయి ఒక్కటే. ఫలానావాడు ఎత్తిన రాయి ఇదిరా అని తాతలు మనవలకి చూపించేవారు. అంటే ఆ రాయే కప్పు, ఆ రచ్చబండే బీరువా అన్నమాట.

ఇంట్లో పెట్టుకుందామన్నా చోటెక్కడిది? ఉద్దానంలో పాత ఇళ్లు మీకు తెలుసు. తుఫాను గాలికి ఎగిరిపోకుండా కప్పు కిందికి దింపి నేసిన కొబ్బరాకుల ఇళ్లు, తాటాకుల ఇళ్లు. తల వంచితేగాని లోపలికి పోలేం. మట్టిగోడ, గోడకి దేవుడి పటం, దూలానికి ఉట్టి. మేకు కొడితే మట్టి రాలుతుంది. అలాంటి ఇంట్లో అలంకారమంటే సున్నం, ఎర్రమన్ను, వాకిట ముగ్గు. ఆ మూడూ ఆడవాళ్ల చేతిపనే.

ఇక బలం మాటకొస్తే, ఊళ్లో బలం పరీక్ష రచ్చబండ దగ్గర ఏడాదికొకసారి జరిగితే, ఇంట్లో రోజూ జరిగేది. రోకలి ఎత్తి వడ్లు దంచేవాళ్లం మనమే. బిందె మీద బిందె పెట్టి ఇసుకలో నడిచి నీళ్లు తెచ్చేవాళ్లం మనమే. కొబ్బరికాయల గంపలు, జీడిపిక్కల బస్తాలు, చేపల తట్టలు నెత్తిన మోసేదీ మనమే. ఇప్పటికీ పలాస జీడిపప్పు కార్ఖానాల్లో కూర్చుని పిక్క కొట్టి పప్పు తీసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ జీడి రసానికి చేతులు నల్లబడిపోతాయి. ఆ బరువును ఎవరూ తూచలేదు, ఎవరూ ఈల వెయ్యలేదు. తూచనిదానికి కప్పెవరిస్తారు చెప్పండి?

ఇది మన దగ్గరే కాదు సుమండీ. ఒలింపిక్ ఆటలు పుట్టిన గ్రీసు దేశం సంగతి చూడండి. అక్కడ ఒలింపియాలో గెలిచినవాడికి ఆలివ్ కొమ్మల కిరీటం పెట్టేవారు. ఏథెన్సు నగరంలో జరిగే ఆటల్లో అయితే మరీ ముచ్చట. మట్టి జాడీల నిండా ఆలివ్ నూనె పోసి ఇచ్చేవారు. జాడీకి ఒక పక్క ఎథీనా దేవత బొమ్మ, రెండో పక్క ఏ ఆటలో గెలిచాడో ఆ ఆట బొమ్మ. నూనె అమ్ముకున్నా, వాడుకున్నా జాడీ ఇంట్లో మిగిలిపోయేది. రెండువేల అయిదువందల ఏళ్ల కిందటి ఆ జాడీలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియముల్లో ఉన్నాయి. నూనె జాడీని బహుమతిగా ఇచ్చిన ఆలోచన వంటిల్లు ఎరిగిన ఆలోచనే కదూ?

కాని ఒలింపియా ఆటలకి పెళ్లయిన ఆడవాళ్లు ప్రేక్షకులుగా కూడా వెళ్లకూడదు. దానికి వేరే దారి చూసుకున్నారు అక్కడి స్త్రీలు. అదే ఒలింపియాలో హీరా దేవత పేరున కన్నెపిల్లలకి పరుగుపందేలు జరిగేవి. ఆ ఆటలు నడిపించిందీ పదహారుమంది స్త్రీలే. గెలిచిన పిల్లకి ఆలివ్ కిరీటంతోపాటు దేవతకి బలిచ్చిన ఆవు మాంసంలో వాటా ఉండేది. అంతకంటే పెద్ద గౌరవం ఇంకొకటుంది. గెలిచినవాళ్లు తమ బొమ్మలు అక్కడ సమర్పించుకోవచ్చు. నేను గెలిచాను, ఇదిగో నా ముఖం అని నలుగురి కంటా పడేలా పెట్టుకోవచ్చునన్నమాట.

స్పార్టా రాజకుమార్తె కినిస్కా సంగతి ఇంకా చిత్రం. ఆవిడ క్రీస్తుపూర్వం 396లో ఒలింపియా రథాల పందెంలో గెలిచింది. మైదానంలోకి అడుగు పెట్టకుండానే! రథాల పందెంలో గెలుపు తోలినవాడిది కాదు, గుర్రాల యజమానిది. గుర్రాలు ఆవిడవి, తోలింది వేరేవాడు. నాలుగేళ్లకి మళ్లీ గెలిచింది. గ్రీసు దేశమంతటా ఈ కిరీటం గెలిచిన స్త్రీని నేనొక్కతెనే అన్న అర్థం వచ్చేలా శాసనం చెక్కించి, విగ్రహంతో సహా ఒలింపియాలోనే నిలబెట్టింది. తన గెలుపు గుర్తును తనే పెట్టుకుంది, ఎవరో పెడతారని కూర్చోలేదు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ముందుగది అలంకారంగా మొదలై ప్రపంచమంతా ఎరిగిన ఆటవస్తువు ఒకటుంది. క్రికెట్ చూసే పిల్లలు ‘యాషెస్’ అంటూ ఉంటారు, విన్నారా? 1882లో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండు జట్టు ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయింది. ఇంగ్లీషు క్రికెట్ చచ్చిపోయింది, దహనం చేసి బూడిద ఆస్ట్రేలియా పట్టుకుపోతారు అని ఒక పత్రిక వెటకారంగా రాసింది. ఆ శీతకాలంలో ఐవో బ్లై అనే ఆయన జట్టును వెంటబెట్టుకుని, ఆ బూడిద తిరిగి తెస్తానంటూ ఆస్ట్రేలియా వెళ్లాడు. అక్కడ మెల్బోర్న్ దగ్గర ఒక పెద్దింట్లో విడిది చేస్తే, ఆ ఇంటి ఆడవాళ్లు సరదాకి ఒక చిన్న మట్టిబరిణె ఆయన చేతిలో పెట్టారు. నాలుగంగుళాల ఎత్తు, అంతే. మన కుంకుమభరిణెకి కాస్త పెద్దది. దాన్ని పెట్టుకోవడానికి ఇంకొకావిడ మఖమలు సంచీ కుట్టి ఇచ్చింది.

ఆ ఇంట్లో సంగీతం నేర్పే ఫ్లారెన్స్ మార్ఫీ అనే అమ్మాయినే బ్లై తర్వాత పెళ్లి చేసుకున్నాడు. ఆ బరిణె నలభై ఏళ్లకి పైగా వాళ్లింట్లోనే ఉంది. 1927లో ఆయన పోయాక ఫ్లారెన్సే దాన్ని లార్డ్స్ మైదానంలోని ఎం.సి.సి.కి ఇచ్చింది. ఇవాళ అక్కడి మ్యూజియములో జనం వరసకట్టి చూస్తున్నారు. చూశారా? ఆడింది మగవాళ్లు. గుర్తు ఇచ్చింది ఆడవాళ్లు, సంచీ కుట్టింది ఆడది, ఇంట్లో దాచిందీ, చివరికి దేశానికి అప్పగించిందీ ఆడదే. వస్తువు నిలిచిందంటే దుమ్ము దులిపిన చేతులు ఉన్నాయన్నమాటే.

చిత్రంగా, ఆ 1882లోనే మన వైపు వీరఘట్టంలో కోడి రామమూర్తినాయుడు పుట్టాడు. వీరఘట్టం మొన్నమొన్నటి దాకా మన జిల్లాలో ఉన్నదే, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఆయన విజయనగరంలో పెరిగి, కుర్రాళ్లకి వ్యాయామం నేర్పి, తర్వాత సొంతంగా సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఇనుప గొలుసులు తెంపడం, కదిలే కార్లను పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు. కలియుగ భీముడని జనం పేరు పెట్టుకున్నారు. మాంసం ముట్టని మనిషి. 1942లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది.

ఆయనతో ఒక మార్పు వచ్చింది. రచ్చబండ దగ్గర రాయెత్తినవాడి పేరు పక్క ఊరికి తెలిసేది కాదు. రామమూర్తినాయుడు డేరా కట్టి టిక్కెట్టు పెట్టి బలం చూపించాడు. బిరుదులు, పతకాలు, ఫోటోలు ఆయన వెంట వచ్చాయి. ఫోటో వచ్చాక గెలుపు ఊరు దాటింది, గోడ ఎక్కింది. వ్యాయామశాలల్లో ఆంజనేయస్వామి పటం పక్కన కండలు తిరిగిన మనిషి ఫోటో పెట్టడం అలవాటైంది.

అదే కాలంలో ఇంగ్లీషువాళ్ల బడులతో, రైళ్లతో కప్పులూ, షీల్డులూ వచ్చాయి. 1890ల్లో మన తీరం వెంట రైలు పడింది. రైలు వెంట రైల్వే కాలనీలు, కాలనీల వెంట ఆటస్థలాలు. జమీందార్లు, రాజులు కప్పులు బహూకరించడం మర్యాదగా మారింది. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనే ఆయన, 1930లో ఇంగ్లండు నుంచి హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి పేరుమోసిన ఆటగాళ్లని రప్పించి తన జట్టులో ఆడించాడు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ కూడా ఆయనే. మన దేశంలో పెద్ద పోటీ రంజీ ట్రోఫీ మొదలైంది 1934లో. రాజుల కోటల్లో వెండి కప్పులు, చంపిన పులుల తలలు, జట్టు ఫోటోలు పెట్టే గదులు ఉండేవి. ఆ కోటగదికి చిన్న బంధువే మన అద్దాల బీరువా. బడిలో కప్పు వచ్చింది, పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది, డాబాలో షోకేసు వచ్చింది. 1983 జూన్ 25న లార్డ్స్‌లో కపిల్‌దేవ్ ప్రపంచకప్పు ఎత్తాక ఆ ఫోటో అంటించని ఇల్లు ఏ వీధిలో ఉంది?

మరి ఆడపిల్లల మాటేమిటి?

ఇక్కడే మన జిల్లాకి ఒక పెద్ద గౌరవం ఉంది. ఆధునిక ఒలింపిక్స్ 1896లో ఏథెన్సులో మొదలైతే, ఆ ఏడాదే మగవాళ్లకి బరువులెత్తే పోటీ ఉంది. ఆడవాళ్లకి ఎప్పుడు పెట్టారో తెలుసా? 2000లో, సిడ్నీలో. సరిగ్గా 104 ఏళ్లు పట్టింది. బిందెలు మోయడానికి పనికొచ్చే మెడలు బరువులెత్తడానికి పనికిరావని లోకమంతా అనుకున్నట్టుంది! స్త్రీలకి ప్రపంచ పోటీలే 1987లో మొదలయ్యాయి.

ఆ తలుపు తెరిచిన ఏడాదే లోపలికి నడిచింది కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల. పలాస నుంచి రైలెక్కితే నౌపడా దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగుతాం చూడండి, ఆ ఊరే ఆమదాలవలస. తండ్రి రైల్వే రక్షణదళంలో కానిస్టేబులు. అయిదుగురు ఆడపిల్లల ఇల్లు. తల్లి శ్యామల పిల్లల్ని వెనకేసుకొచ్చింది. నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర ఆ ఊరి ఆడపిల్లలు బరువులెత్తడం నేర్చుకున్నారు. మల్లీశ్వరి 1994లో ఇస్తాంబుల్‌లోనూ, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలోనూ ప్రపంచ విజేత అయింది. 1997లో పెళ్లి చేసుకుంది. 1999లో పద్మశ్రీ వచ్చింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ స్త్రీ మన ఆమదాలవలస ఆడపడుచు. స్వర్ణం, రజతం తెచ్చుకున్న చైనా, హంగేరీ అమ్మాయిలు ఎత్తింది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలు. మనం బజారు నుంచి సంచీలో తెచ్చే కూరల బరువు! తర్వాత సైనా, సింధు వచ్చారంటే ముందు ఈవిడ నడిచిన బాట అది.

ఆ పతకం గురించి ఒక విశేషం చెబుతాను. 1928 నుంచి 2000 దాకా ఒలింపిక్ పతకాల మీద ఒకే రకం బొమ్మ ఉండేది. విజయదేవత నైకీ కూర్చుని ఉంటుంది, వెనక వలయాకారపు కట్టడం ఉంటుంది. ఆ కట్టడం గ్రీసుది కాదు, రోములోని కలోసియంలాంటిది. ఆటలు గ్రీసువి, కట్టడం రోముదా అని సిడ్నీ ఆటలప్పుడు గ్రీకులు గొడవపెడితే, 2004లో ఏథెన్సు ఆటలకి ఆ బొమ్మ మార్చారు. అంటే మల్లీశ్వరి మెడలో పడింది పాత బొమ్మ ఉన్న చివరి విడతలోది. కాని నా మనసు కట్టడం మీద కాదు, ఆ దేవత మీద పోతుంది. గెలుపుకి రూపం ఇవ్వాలంటే అందరికీ స్త్రీయే గుర్తొచ్చింది. ఆ స్త్రీ బొమ్మ మరో స్త్రీ బరువెత్తి మెడలో వేసుకోవడానికి మాత్రం నూరేళ్లు దాటింది.

ఇంత చెప్పిందెందుకంటే, మన ఇళ్లల్లో మల్లీశ్వరి ఫోటో గోడకి కొడతాం, మన పిల్ల తెచ్చిన కప్పు మాత్రం ఎక్కడో ఉంటుంది.

మా బంధువుల్లో ఒకావిడ ఉంది. పుట్టిల్లు సోంపేట పక్క పల్లె, అత్తిల్లు పలాస. వాళ్ల ముందుగదిలో భర్త కప్పులు రెండు, మరిది షీల్డు ఒకటి ఉన్నాయి. వారం వారం వాటిని తుడిచేది ఈవిడే. ఒకసారి పన్నెండేళ్ల కూతురు ట్రంకుపెట్టెలో పరికిణీ గుడ్డ కోసం వెతుకుతుంటే, పట్టుచీరల అడుగున మడతపెట్టిన కాగితం దొరికింది. చూస్తే తల్లి పేరు. హైస్కూలులో వందమీటర్ల పరుగు, జిల్లాలో మొదటి బహుమతి.

“అమ్మా, నువ్వు పరిగెత్తేదానివా?” అంది పిల్ల, నమ్మలేనట్టు.

అత్తగారు పక్కనే వత్తులు చేసుకుంటోంది. కాగితం అందుకుని తిప్పి చూసి, “ఏటే, కప్పు కూడా ఇచ్చినారా?” అంది.

“ఇచ్చినారత్తా. పుట్టింట్లో ఉంది. వదిన అందులో చిల్లర డబ్బులేస్తంది.”

“మరి ఇన్నేళ్లూ సెప్పనేదేటి?”

“ఎవులడిగినారత్తా?”

అత్తగారు ఇంకేమీ అనలేదట. మర్నాడు కొడుకుని సోంపేట బస్సెక్కించింది. కప్పు వచ్చింది. ఒక చెవి విరిగిపోయి, మీద అక్షరాలు అరిగిపోయి ఉంది. అత్తగారే ముందుగదిలో మరిది షీల్డును కాస్త పక్కకి జరిపి అక్కడ పెట్టింది. ఆ నెలలోనే పిల్ల తండ్రి దగ్గర బూట్లు అడిగింది, పరిగెత్తడానికి. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. కప్పు గెలుపును మాత్రమే గుర్తుచెయ్యదు, చూసినవాళ్ల కాళ్లని కదిలిస్తుంది కూడా. అందుకే ఎవరి కప్పు కనబడుతోంది, ఎవరిది కనబడడం లేదు అన్నది చిన్న సంగతి కాదు.

ఆడపిల్లకి పెళ్లి చేసి పంపేటప్పుడు బిందె, పీట, మంచం, సారె అన్నీ లెక్కపెట్టి పంపుతాం. ఆ పిల్ల కష్టపడి తెచ్చుకున్న పతకం మాత్రం పుట్టింట్లో ఉండిపోతుంది. నాలుగేళ్లకి తమ్ముడి పెళ్లికి సున్నాలు వేసేటప్పుడు అటక ఎక్కుతుంది. తర్వాత పాత సామాన్లవాడి తక్కెడ ఎక్కుతుంది. సారెతోపాటు ఆ పెట్టె కూడా పంపండి. కోడలు వచ్చిందా, నీకేమైనా కప్పులున్నాయా అమ్మా అని ఒక్కమాట అడగండి. అడిగితే పోయేదేముంది?

ఇక అలంకారం సంగతి. ఖర్చేమీ అక్కర్లేదు. ఒక గోడ ఎంచుకోండి. వానజల్లు తగిలే పడమటి గోడ, చెమ్మ ఎక్కే గోడ వద్దు. ఎండ సూటిగా పడే చోటా వద్దు, ఫోటోలు వెలిసిపోతాయి. అన్నీ ఒకేచోట కుక్కకండి. మధ్యలో ఒక పెద్ద ఫోటో, దాని చుట్టూ మూడు నాలుగు చిన్నవి చాలు. మనం కుర్చీలో కూర్చుంటే కంటికి ఆనే ఎత్తులో ఉండాలి. బీరువాలో వెనక అరకి లేతరంగు గుడ్డ వేస్తే ఇత్తడి బాగా ఎత్తిచూపుతుంది.

మనది సముద్రం గాలి. నౌపడా ఉప్పుమళ్ల మీంచి, బారువ, భావనపాడు ఒడ్డు మీంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. అది లోహానికి చిలుము పట్టిస్తుంది. మన జిల్లాలో బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుమోసింది, ఆ చెంబులు చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తాయి. కాని కప్పుల్నీ పతకాల్నీ చింతపండుతో తోమకండి. వాటి మీద ఉండేది పలచని పూత. పులుపు తగిలితే పూత పోయి, అక్షరాలు కూడా అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కాంస్యపతకం కాలం గడిచేకొద్దీ కాస్త నలుపెక్కడం దాని సహజం, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఆటచొక్కా అద్దంలో పెట్టాలనుకుంటే, ఉతికి బాగా ఆరబెట్టండి, గంజి మాత్రం పెట్టకండి. గంజికి పురుగు చేరుతుంది. మేకులు కొట్టకుండా, వెనక ఒక గుడ్డ పరిచి దానికి సన్నదారంతో అక్కడక్కడా పొడికుట్టు వెయ్యండి. ఆ పని మనకంటే బాగా ఎవరు చేస్తారు? ఫోటో పటం కట్టించేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య అట్టముక్క అంచు పెట్టమనండి. లేకపోతే వానాకాలం చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది, తీస్తే ముఖాలు ఊడివస్తాయి. పత్రికలో పడిన వార్త కత్తిరించి పెట్టుకుంటే ఆ కాగితం త్వరగా పసుపెక్కి పొడవుతుంది. దానికి నకలు తీయించి నకలు గోడకి పెట్టండి, అసలు కవరులో దాచండి.

దాచడం అంటే మనకి ఇంకో అర్థం కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు తీరాన విరుచుకుపడింది. ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలిపోయాయి. ఇళ్ల కప్పులు లేచిపోయాయి. పొలం పట్టాలు, రేషను కార్డులు తడిసిపోయినవాళ్లు ఎందరో. చెట్టు మళ్లీ నాటుకుంటాం, కార్డు మళ్లీ రాయించుకుంటాం. కాని పదిహేనేళ్ల పిల్ల పరుగు గీత దాటుతుండగా తీసిన ఫోటోని మళ్లీ ఎవరూ తియ్యలేరు. అందుకని గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి ఇంట్లో పెట్టుకోండి. తుఫాను హెచ్చరిక రేడియోలో వినగానే బంగారంతోపాటు సర్టిఫికెట్లు, పతకాలు, ఒకటి రెండు ఫోటోలు అందులో పెట్టి పైకెక్కించండి. ముందే ఫోను కెమెరాతో బొమ్మలు తీసి దూరపు ఊళ్లో ఉన్న పిల్లలకి పంపి ఉంచితే ఇంకా మంచిది.

ఇంకొక్క పని ఉంది, అది అన్నిటికంటే ముఖ్యం. ప్రతి వస్తువు వెనకా ఒక చీటీ అంటించండి. ఎవరు గెలిచారు, ఏ ఆట, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం. అక్కడితో ఆపకండి. ఆ రోజు తెల్లవారుజామున లేచి చద్దన్నం కట్టి ఇచ్చిందెవరు, బస్సు ఛార్జీకి పోపులపెట్టెలోంచి డబ్బు తీసి ఇచ్చిందెవరు, చిరిగిన నిక్కరు రాత్రికి రాత్రి కుట్టిందెవరు, ఆ పేరు కూడా రాయండి. యాషెస్ బరిణెకి సంచీ కుట్టినావిడ పేరు ఆనీ ఫ్లెచర్ అని ఇవాళ మనకి తెలుసు. నూటనలభై ఏళ్ల కిందటి ఒక గుడ్డసంచీకి ఉన్న గుర్తింపు మన అమ్మలకి, అత్తలకి ఉండొద్దూ?

ఈ ఆదివారం బీరువా తుడిచేటప్పుడు పెన్నూ కాగితమూ దగ్గర పెట్టుకోండి. పై అరలో కొంచెం చోటు కూడా ఖాళీ చేసి ఉంచండి. సెలవు.